బొంగులో కోడి, దేగ్‌లో హలీం: 'అసలు' రుచి ఎవరి సొత్తు?

తిండి గురించి రాయడమంటే చదివేవాడికి నోరూరించడమేనని మన పత్రికలు చాలాకాలంగా అనుకుంటున్నాయి. మాకు ఆ వెసులుబాటు లేదు. ఈ దేశంలో ముస్లింనీ, దళితుణ్ణీ, ఆదివాసీనీ ముందుగా గుర్తుపట్టేది కంచం చూసే. ఇల్లు అద్దెకడగబోతే 'మీరేం తింటారు?' అన్నది మొదటి ప్రశ్న. మా పేరు చెప్పాక కొన్నిచోట్ల ఆ ప్రశ్న కూడా ఉండదు. నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు. అదే వీధిలో ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు విప్పుకుంటారు. మా వంట గడప దాటినంత తేలిగ్గా మేము దాటలేం.

అందుకే 'అసలు రుచి', 'అచ్చమైన సంప్రదాయ వంట' అనే మాటలు కనబడితే మేము ఊరికే చదివి వదిలెయ్యలేం. ఆ మాట ఎవరంటున్నారు? ఎవరి వంట గురించి అంటున్నారు? అన్నాక, ఆ వంట వండినవాళ్ళకి ఏం మిగిలింది? ఈ మూడు ప్రశ్నలతో ఒకసారి అరకు కొండలెక్కి చూద్దాం.

అరకు పేరు చెబితే ఇవాళ మైదానం మనిషికి గుర్తొచ్చేది బొంగు చికెన్. ఘాట్ రోడ్డు మలుపుల్లో, బొర్రా గుహల దగ్గర, అటు మారేడుమిల్లి దారిలో నిప్పుల మీద వరసగా బొంగులు. పక్కన 'అసలైన గిరిజన వంట' అని బోర్డు. వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుంటారు, తింటారు, తిన్నాక తీర్పు చెబుతారు. ఇది అసలుది కాదు, అసలుదైతే నాటుకోడి వెయ్యాలి, ఇది బ్రాయిలరు. అసలుదైతే మసాలా పొడి ఉండదు, ఇందులో పొట్లం మసాలా కలిపారు. టీవీల్లో, సినిమాల్లో, వంటల పుస్తకాల్లో ఇదే చర్చ.

ముందు వంటనే చూద్దాం. పచ్చి వెదురు బొంగును కణుపు దగ్గర కోస్తారు. ఆ కణుపే గిన్నెకు అడుగు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కల్ని అందులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. పచ్చి బొంగులో తేమ, కోడిలో కొవ్వు, ఈ రెంటితోనే ముక్క మగ్గుతుంది. బయట బొంగు బొగ్గవుతుంటే లోపల కూర ఉడుకుతుంది. ఎండిన బొంగు పనికిరాదు, అంటుకుపోతుంది. ఒకసారి కాల్చింది రెండోసారి పనికిరాదు. ఇది అడవికి పోయినవాళ్ళు గిన్నె మోసుకుపోకుండా, దొరికిన బొంగునే గిన్నె చేసుకున్న వంట. ఏ పాకశాస్త్రమో నేర్పింది కాదు, అవసరం నేర్పింది.

ఇంతవరకు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఆగిపోయేచోటే మా పేచీ. ఈ వంటకు కావలసిన మొదటి దినుసు కోడీ కాదు, కారమూ కాదు. పూటపూటకూ ఒక పచ్చి వెదురు. అంటే, అడవిలోకి పోయి వెదురు నరుక్కునే హక్కు. ఆ హక్కు సంగతేమిటి?

1927 అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో పెట్టింది. గడ్డిజాతి మొక్కను చెట్టని రాసి, దాన్ని నరికిన ఆదివాసీని దొంగని చేసింది. స్వతంత్రం వచ్చాక కూడా ఆ రాత మారలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అయింది, దాని మీద అడవిబిడ్డల హక్కుకు చట్టంలో చోటు దొరికింది. అడవి బయట పెరిగే వెదురును చెట్టు కాదనడానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది. అంటే, దాదాపు ఎనభై ఏళ్ళపాటు ఆదివాసీ తన వంటగిన్నె తాను కోసుకోవడం నేరం. మైదానం వాళ్ళకు రుచిగా తోచిన 'అసలు వంట', అటవీ గార్డు కళ్ళకు కేసుగా కనబడింది. బ్రాయిలరా నాటుకోడా అని కొట్టుకునేవాళ్ళలో ఈ ఎనభై ఏళ్ళ లెక్క అడిగినవాళ్ళు మాకు కనబడలేదు.

ఈ కొండల్లో తిండీ తాగుడూ ఏనాడూ ఒట్టి రుచి వ్యవహారాలు కావు. 1879లో రంప తిరుగుబాటు రగలడానికి తక్షణ కారణాల్లో ఒకటి కల్లు మీద వేసిన ఆంక్షలూ పన్నూ. తమ చెట్టు కల్లు తాము గీసుకుని తాగడానికి ఎవడో గుత్తేదారుకు కప్పం కట్టాలంటే వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ కల్లును మన మర్యాదస్తులు అనాగరికమన్నారు. ఇప్పుడు అదే జీలుగు కల్లును చెట్టు కింద నిలబడి తాగడం టూరిస్టు సరదా. ఆదివాసీ తాగితే బలహీనత, మనం తాగితే అనుభవం.

అరకు కొండల్లో చలికాలం పసుపురంగు పరుచుకుంటుంది. వలిసె పూలు. వాటి మధ్య నిలబడి ఫోటోలు దిగడానికి వేలమంది వస్తారు. వలిసె గింజల నుంచి నూనె తీస్తారని, అది ఈ కొండల్లో పూర్వం నుంచీ ఉన్న పంటని, ఆ పొలం ఒక రైతుదని ఫోటో దిగేవాళ్ళలో ఎందరికి తట్టింది? చోడి అంబలి, సామలు, కొర్రలు నిన్నమొన్నటిదాకా పేదల తిండి, మోటు తిండి. షుగరు జబ్బు వచ్చాక మైదానం వాళ్ళు వాటిని సిరిధాన్యాలన్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. సంతోషమే. కానీ మధ్యలో ఏం జరిగింది? రేషన్ బియ్యం కొండెక్కింది, పోడు మీద అటవీశాఖ నిఘా పెరిగింది, చోడి చేలు తగ్గాయి. వండుకునే నేలను కుదించి, వంటను మాత్రం పొగడటం ఒక విచిత్రమైన గౌరవం.

'సంప్రదాయం' అనే మాట ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశా వైపు జరిగిన సంగతి ఒకటి చాలు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల పిండితో కాచిన అంబలి తాగి ఇరవైమందికి పైగా ఆదివాసులు చనిపోయారు. ఆకలిచావులని జనం అన్నారు. కాదు, టెంకల అంబలి ఆదివాసుల సంప్రదాయ ఆహారమే, తిన్నది వికటించిందంతే అని ప్రభుత్వం జవాబు చెప్పింది. నిజమే, నానబెట్టి, కడిగి, ఎండబెట్టుకుంటే టెంకల పిండి తినదగిన తిండే. వానాకాలం గింజలు నిండుకున్న ఇంట్లో బూజు పట్టిన టెంకలు తప్ప గతిలేకపోవడం మాత్రం సంప్రదాయం కాదు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ అదే అంబలి, మళ్ళీ చావులు. ఆదివాసీ వంటకు 'అసలైనది' అని ముద్ర వేసే చెయ్యి, అవసరమైనప్పుడు అదే ముద్రను ఆకలి మీద కూడా వేస్తుందన్నమాట. అందుకే ఆ ముద్రంటే మాకు అనుమానం.

మా వంటింటి సంగతీ చూసుకుందాం. మా తిండి మీద కూడా ముద్రలున్నాయి. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. మాకూ గర్వంగానే అనిపించింది. హలీం యెమెన్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల 'హరీస్'. వాళ్ళు కాపురమున్న బారకాసులే బార్కస్ అయింది. గోధుమలు, మాంసం దేగ్‌లో గంటలకొద్దీ ఉడుకుతుంటే ఇద్దరు మనుషులు ఘోట్నాలతో దంచుతూనే ఉంటారు. గింజేదో పోగేదో తెలియనంత మెత్తగా అవ్వాలి. రోజంతా ఉపవాసమున్న కడుపుకు, పళ్ళూడిన ముసలివాళ్ళకు, పసివాళ్ళకు అందరికీ సరిపోయే వంట.

గుర్తింపు కోసం నియమాలు రాశారు. రాగి దేగ్ ఉండాలి, కట్టెల భట్టీ ఉండాలి, పన్నెండు గంటలు ఉడకాలి, మేకమాంసమే వాడాలి, నెయ్యి స్వచ్ఛమైనదై ఉండాలి. అన్నీ బావున్నాయి. కానీ పాతబస్తీ గల్లీలో రిక్షా తొక్కేవాడు, పంక్చర్లు వేసేవాడు రంజాన్ సాయంత్రం నిలబడి తినేది 'బడే కా' హలీం. పెద్దమాంసం. మేకమాంసం కొనే తాహతు వాడికి లేదు. ఘోట్నా అదే, గోధుమా అదే, దంచే చెయ్యీ అదే. కానీ నియమం రాశాక వాడి గిన్నెలోది 'అసలు' హలీం కాకుండా పోయింది. పెద్దమాంసం పేరెత్తితే ఏమవుతుందో 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ పండగ జరిపినప్పుడు చూశాం. తన్నులాటలు, కేసులు. అసలుతనానికి కొలత రాసేటప్పుడు పేదవాడి కంచం తరచుగా కొలత బయటే పడుతుంది. మర్యాదస్తుడు ఒప్పుకునేదే అసలుదవుతుంది.

ఈ జబ్బు మాలోనూ ఉంది. ముస్లిం వంట అంటే నవాబుల దస్తర్‌ఖాన్ అని చెప్పుకోవడం మావాళ్ళకు ఇష్టం. బిర్యానీ, షీర్‌మాల్, డబుల్ కా మీఠా. మరి రాయలసీమ ముస్లిం ఇంట్లో రోజూ ఉడికే రాగి సంగటి ఏ వంట? దూదేకుల ఇంట్లో చింతపండు పులుసు ఏ వంట? ఉర్దూ రాని ముస్లింని అసలు ముస్లిం కాదన్నట్టే, సంగటి తినే ముస్లిం తిండిని ముస్లిం తిండి కాదంటారు. ఆ సంగటీ, అరకు చోడి అంబలీ ఒక్క గింజ బిడ్డలు. సీమలో రాగి అంటారు, ఉత్తరాంధ్రలో చోడి అంటారు, అంతే తేడా. నవాబు పళ్ళెం నుంచి కాక ఈ గింజ నుంచి మొదలుపెడితే మాకూ కొండలకూ మధ్య దూరం తగ్గుతుంది.

ఇలా ఒక మైనారిటీ వంట లోకమంతా తిరిగి వచ్చిన కథ ఇంకొకటి ఉంది. బేగల్ అని యూదుల రొట్టె. గారెలా మధ్యలో చిల్లు ఉంటుంది. పిండి ముద్దను ముందు నీళ్ళలో ఉడకేసి తర్వాత పొయ్యిలో కాలుస్తారు. అందుకే పైన మెరుపు, బిరుసు, లోపల సాగుడు. పోలండ్‌లోని క్రాకో నగరపు యూదుల 1610 నాటి కట్టుబాట్లలోనే దీని ప్రస్తావన ఉంది. పేదరికానికీ దాడులకూ తట్టుకోలేక లక్షలాది యూదులు అమెరికా పోయినప్పుడు బేగల్ వాళ్ళ వెంట పోయింది. న్యూయార్క్‌లో దాన్ని చేత్తో చుట్టేవాళ్ళకు సొంత కార్మిక సంఘముండేది. ఆ సంఘంవాళ్ళ భాష యిడ్డిష్. 1960ల్లో చుట్టే యంత్రం వచ్చింది. బేగల్ దేశమంతా పాకింది, సంఘం కూలిపోయింది. ఉడకెయ్యడం మానేసి ఆవిరి పట్టించడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ అక్కడా ఇదే తగువు. అసలు బేగల్ ఏది? ఉడకేసిందా, ఆవిరి పట్టిందా? న్యూయార్క్‌దా, తేనె నీళ్ళలో ఉడకేసి కట్టెల పొయ్యిలో కాల్చే మాంట్రియల్‌దా?

ఆ తగువు కంటే మమ్మల్ని కుదిపింది వేరే సంగతి. బేగల్‌కు చుట్టమనదగిన రొట్టె ఒకటి క్రాకోలో ఉంది, పేరు ఒబ్‌వజానెక్. దాన్నీ ఉడకేసే కాలుస్తారు. 1496లోనే రాజు ఆ రొట్టె చేసే హక్కును నగరంలోని రొట్టెలవాళ్ళ సంఘానికే కట్టబెట్టాడు. సంఘం బయటివాడు చేస్తే తప్పు. మళ్ళీ 2010లో, మన హలీంకు గుర్తింపు వచ్చిన ఏడాదే, యూరోపియన్ యూనియన్ ఆ రొట్టెకు క్రాకో పేరుతో రక్షణ ముద్ర ఇచ్చింది. ముద్ర ఇచ్చేనాటికి ఆ నగరంలో బేగల్ చుట్టిన జనం లేరు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు క్రాకోలో నలుగురిలో ఒకరు యూదు. నాజీలు వాళ్ళను గెట్టోలోకి తోసి, క్యాంపులకు పంపి చంపేశారు. ఒక ఊరు రొట్టెను పదిలంగా కాపాడుకుంటూనే దాన్ని తిన్న జనంలో నాలుగోవంతును పోగొట్టుకోగలదు. రుచి బతికింది కాబట్టి జనమూ బతుకుతారనుకోవడం భ్రమ. బిర్యానీని మెచ్చుకుంటున్నారు కాబట్టి మమ్మల్నీ మెచ్చుకుంటారని మాకు ధైర్యం చెప్పే సెక్యులర్ మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే వంట మారకూడదంటున్నామా? కాదు. వంటలు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. హరీస్ మారితేనే హలీం అయింది. మారేడుమిల్లిలో ఇప్పుడు బొంగు బిర్యానీ దొరుకుతోంది. మా దేగ్‌లో పుట్టిన అన్నం ఆదివాసీ బొంగులో దూరింది. స్వచ్ఛతావాదులిద్దరూ, నవాబీ వాళ్ళూ, గిరిజన సంస్కృతి పరిరక్షకులూ, దీన్ని చూసి ముక్కు విరుస్తారు. మాకైతే అందులో అపచారమేమీ కనబడలేదు. వండేవాడు తన ఇష్టంతో, తన లాభానికి మార్చుకుంటే ఆ మార్పు వాడిదే. వాణ్ణి కూలీగా నిలబెట్టి వేరొకడు మార్చితే, దినుసులన్నీ పాతవే అయినా ఆ వంట వాడి చెయ్యి దాటిపోయినట్టే.

దీనికి అరకులోనే సాక్ష్యముంది. అది కాఫీ. కాఫీ ఆ కొండల్లో పుట్టింది కాదు, తెల్లదొరల కాలంలో వచ్చింది. ఈ దేశానికి దాన్ని తెచ్చినవాడు బాబా బుడన్ అనే సూఫీ అని, మక్కా యాత్ర నుంచి వస్తూ యెమెన్‌లో ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. అరకులో పండే రకం పేరులోనే అరబ్బు ఉన్నాడు. అరబికా. 2019లో ఒకేసారి అయిదు కాఫీలకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు వాటిలో అరకు అరబికా ఒకటి, బాబా బుడన్‌గిరి అరబికా ఒకటి. ఆ ఫకీరు పేరున్న కాఫీకి ముద్ర దొరికింది. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కిన ఆయన దర్గాను మాత్రం రాజకీయాలు తగువులోకి ఈడ్చాయి.

అంత దూరం నుంచి వచ్చిన పరాయి పంట ఇవాళ అరకు ఆదివాసీది ఎలా అయింది? 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచినందుకు కాదు. తన పేర ఉన్న చిన్న చెక్కలో, సిల్వర్ ఓక్ నీడన, మిరియం తీగ పక్కన తాను పెంచుకున్న మొక్క కాబట్టి. అదే కొండల్లో అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లో రోజు కూలికి ఏరే కాఫీ కూడా ఉంది. మొక్క ఒకటే, నేల ఒకటే, ఏరే వేళ్ళూ ఒకటే. కప్పులో తేడా తెలియకపోవచ్చు. ఏరిన మనిషికి తెలుస్తుంది. పట్టా ఉన్నచోట పరాయి గింజ సొంతమైంది. హక్కు లేనిచోట సొంత వెదురే పరాయిదైంది. ధర నిర్ణయించే శక్తి దగ్గర ఈ సొంతం ఇంకా సగమే. పండించేవాడు బేరమాడే రోజు వస్తేనే అది నిండుతుంది.

ఇదే కొలత బొంగు చికెన్‌కీ పెట్టి చూడాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీ చెయ్యి దాటకూడదని 1970 నాటి 1/70 చట్టం చెబుతోంది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పింది. అక్కడి ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతర కంపెనీలకు లీజుకివ్వకూడదంది. చట్టం కాగితం మీద ఉంది. బినామీల సంగతి కొండమీద అందరికీ తెలుసు. పొయ్యి దగ్గర చెమటోడుస్తున్నది ఆదివాసీ, గల్లా దగ్గర కూర్చున్నది మైదానం మనిషి అయితే, ఆ బోర్డు మీద 'అసలైన' అన్న మాట అబద్ధం. కోడి నాటుదైనా సరే. అక్క తన బొంగు తాను కోసి తెచ్చి, తన నేల మీద పొయ్యి పెట్టి, సంతలో కొన్న పొట్లం మసాలాతో బ్రాయిలరు కోడి కాల్చి అమ్మితే, అది అసలైనదే. మసాలా గురించి ఆమెకు పాఠం చెప్పే అధికారం మైదానానికి లేదు.

ఈ మాట అంటున్నప్పుడు మేము ఆ కొండలకు బంధువులమని చెప్పుకోవడం లేదు. కొండవాళ్ళ ముందు మేమూ మైదానం వాళ్ళమే. వాళ్ళ భాషలు కువి, గుతోబ్, ఆదివాసీ ఒరియా మాకు రావు. వాళ్ళ తరఫున మాట్లాడే హక్కూ మాకు లేదు. మా వంటను తిని మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టిన వ్యవహారం మాకు బాగా తెలుసు కాబట్టి, అదే వ్యవహారం మరొకచోట జరుగుతుంటే గుర్తుపట్టగలుగుతున్నాం. అంతవరకే మా సాక్ష్యం.

కాబట్టి 'అసలు' రుచి కావాలనేవాళ్ళని మేము అడిగేది పెద్ద విషయమేమీ కాదు. తినండి, తప్పకుండా తినండి. తినేముందు మసాలా సంగతి కాస్త పక్కనపెట్టి వేరే నాలుగు అడగండి. ఈ బొంగు ఎవరు నరికారు? నరికే హక్కు వాళ్ళ చేతికి వచ్చిందా? ఈ పొయ్యి కింద నేల ఎవరిది? చీకటి పడ్డాక గల్లా లెక్కపెట్టుకునేది ఎవరు? హలీం గిన్నె ముందు కూర్చున్నా ఇవే అడగండి, కొంచెం మార్చి. దీన్ని దంచినవాడు ఏ గల్లీలో ఉంటాడు? మీ గల్లీలో ఉండాలనుకుంటే వాడికి ఇల్లు దొరుకుతుందా? జవాబు 'దొరుకుతుంది' అయిన రోజున హలీం అసలుదా కాదా అని మేము కూడా మీతో కూర్చుని తీరిగ్గా వాదిస్తాం.